మంగరాజును చూడటానికి కటక్ వచ్చిన జనం: ఫకీర్ మోహన్ సేనాపతి పాత్రలు, వాటి మాటలు

పంతొమ్మిదో శతాబ్దం ముగియబోతున్న రోజుల్లో కొందరు పల్లెవాసులు కటక్ నగరంలోని కచేరీకి వచ్చారు. వారికి అక్కడ వ్యాజ్యమేమీ లేదు. సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవనూ లేదు. రామచంద్ర మంగరాజ్ అనే వడ్డీ వ్యాపారిపై విచారణ జరుగుతోందని విని, ఆ దుర్మార్గుడిని ఒక్కసారి కళ్లారా చూసి పోదామని వచ్చారు. చిక్కేమిటంటే, ఆ పేరుగల మనిషి కచేరీలోనే కాదు, లోకంలోనే లేడు. అతడు 'ఉత్కళ సాహిత్య' అనే ఒడియా మాసపత్రికలో ధారావాహికంగా వెలువడుతున్న నవలలోని పాత్ర. పత్రికలో విచారణ ఘట్టం అచ్చయింది. జనం దాన్ని వార్తగా తీసుకున్నారు.

ఈ సంగతిని ఆ నవలా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆధునిక ఒడియా వచనానికి ఆద్యుడిగా గౌరవం పొందిన ఆయన ఆ నవల మొదలుపెట్టేనాటికి యాభై నాలుగేళ్ల మనిషి. దాని పేరు 'ఛ మాణ ఆఠ గుంఠ', అంటే ఆరు మాణాల ఎనిమిది గుంటలు. ఒడిశా లెక్కలో మాణం దాదాపు ఒక ఎకరం, ఇరవై ఐదు గుంటలైతే ఒక మాణం. నలభై గుంటలను ఎకరంగా లెక్కించే తెలంగాణ రైతుకు ఆ కొలత కొంచెం తేడాగా తోచినా, గుంట అన్న మాట మాత్రం పరాయిదనిపించదు. ఒక నవలకు నాయిక పేరో నాయకుడి పేరో కాక భూమి విస్తీర్ణాన్ని పేరుగా పెట్టడం ఆ కాలానికి వింతే. ఆ పేరు దస్తావేజులోంచి వచ్చింది. దస్తావేజుల మధ్యనే రచయిత పాతికేళ్లు గడిపారు.

ఫకీర్ మోహన్ 1843 జనవరిలో, సంక్రాంతి వేళ, బాలాసోర్ పట్టణ శివారులోని మల్లికాశ్‌పూర్‌లో జన్మించారు. తండ్రి లక్ష్మణ చరణ్, తల్లి తులసీ దేవి. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు, కొద్దికాలానికి తల్లీ పోయింది. పిల్లవాడిని నాయనమ్మ కుచిలా దేయి పెంచింది. అతడి అసలు పేరు వ్రజమోహన్. తరచూ జబ్బుపడి ప్రాణం మీదికి వస్తుంటే, దేవతలకు మొక్కి విసిగిన ఆ ముసలామె బాలాసోర్‌లోని పీర్లకు మొక్కుకుంది. బిడ్డ బతికితే వారికి ఫకీరుగా సమర్పిస్తానంది. బిడ్డ బతికాడు. చేతులారా పెంచుకున్నవాడిని వదులుకోలేక ఆమె రాజీ మార్గం వెతికింది. పేరు ఫకీర్ మోహన్‌గా మార్చింది. ఏటా మొహర్రం దినాల్లో అతడికి ఫకీరు వేషం కట్టి, చేతికి కర్ర, భుజానికి జోలె ఇచ్చి ఇంటింటికీ భిక్షకు పంపింది. వచ్చిన గింజలు అమ్మి పీర్లకు చక్కెర పంచేవారు.

హిందువుల ఇంటి పిల్లవాడు ముస్లిం ఫకీరు వేషంలో వీధుల్లో తిరగడం నాటి బాలాసోర్‌లో ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆ వేషం అతడికి ఇంకొక మేలు కూడా చేసి ఉండాలి. ఇంటి గడపలో నిలబడ్డ బిచ్చగాడిని ఎవరూ గమనించరు. లోపలి మాటలు మాత్రం అతడి చెవిన పడుతూనే ఉంటాయి.

ఓడల రేవు, తెరచాపల కొట్టు

బాలాసోర్ ఆనాడు ఓడరేవు. ఇంగ్లీషువారు, డచ్చివారు, డేన్లు, ఫ్రెంచివారు ఒకప్పుడు వర్తక స్థావరాలు నెలకొల్పుకున్న చోటు. ఫకీర్ మోహన్ బాల్యంలోనూ ఉప్పు ఓడలు అక్కడి నుంచి కలకత్తాకు పోతుండేవి. పినతండ్రికి తెరచాపల పనితో సంబంధం ఉండేది. అన్న కొడుకు చదువుకోవడం ఆయనకు అంతగా ఇష్టం లేదు. అందువల్ల తొమ్మిదేళ్లు వచ్చేదాకా పిల్లవాడికి అక్షరాలే రాలేదు. బడిలో చేరాక కూడా చదువు ఎడతెగకుండా సాగలేదు. కొంతకాలం రేవులో తెరచాపలు కుట్టేవారి పని చూడవలసి వచ్చింది. తర్వాత ఉప్పు శాఖలో చిన్న కొలువు దొరికింది. ఉప్పు తయారీని సర్కారు మూసివేయడంతో ఆ కొలువూ పోయింది, క్రమంగా రేవూ పోయింది. ఓడలు కట్టే వడ్రంగులు, చాపలు కుట్టే దర్జీలు, సరంగులు, ఉప్పు మళ్ల కూలీలు బతుకుతెరువు లేక చెదిరిపోయారు.

ఒక వృత్తి నశించినప్పుడు దాని మాటలూ నశిస్తాయి. తెరచాప భాగాల పేర్లు, గాలి రకాల పేర్లు, ఉప్పు రాశుల కొలతలు ఎన్నెన్నో అలా పోయాయి. ఫకీర్ మోహన్ ముసలితనంలో రాసిన ఆత్మకథలో ఆ రేవు వర్ణన ఉంది. యాభై ఏళ్ల కిందటి పనివాళ్లు, వారి పనిముట్లు ఆయన జ్ఞాపకంలో చెక్కుచెదరలేదు. రచయితలు పాత్రలను ఎక్కడి నుంచి తెస్తారన్న ప్రశ్నకు ఆయన జీవితం ఇచ్చే మొదటి జవాబు ఈ జ్ఞాపకశక్తి. ఆయన అప్పట్లో ఏదీ రాసిపెట్టుకోలేదు. రాయాలన్న ఉద్దేశమే అప్పటికి లేదు.

బడి చదువు అరకొరగానే ఆగినా ఆయన బారాబాటీ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు, తర్వాత క్రైస్తవ మిషన్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యారు. సంస్కృతం, బెంగాలీ, పారసీ నేర్చుకున్నారు. ఇంగ్లీషు మాత్రం పెద్దయ్యాక నిఘంటువు దగ్గర పెట్టుకుని తంటాలు పడి పట్టుకున్నారు. పదమూడేళ్లకే జరిగిన మొదటి వివాహం సుఖాన్నివ్వలేదు. ఆ భార్య మరణించాక 1871లో కృష్ణకుమారిని పెళ్లాడారు.

1866లో ఒడిశాను మహా కరువు కబళించింది. దాదాపు పది లక్షల మంది, అంటే ప్రాంత జనాభాలో ఇంచుమించు మూడో వంతు, ఆకలితో, రోగాలతో చనిపోయారు. బాలాసోర్ ఆ కరువు దెబ్బ గట్టిగా తిన్న జిల్లాల్లో ఒకటి. ఇరవై మూడేళ్ల ఉపాధ్యాయుడు వీధుల్లో శవాలను చూశాడు. గింజ కోసం భూమిని, ఇత్తడి చెంబును, చివరికి ఇంటి తలుపును తాకట్టు పెట్టినవారి కథలు ఆ తరంలో ప్రతి ఊరికీ ఉన్నాయి. మంగరాజ్ వంటి వడ్డీ వ్యాపారులు ఎలా పెరుగుతారో పుస్తకాల్లో చదవవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

భాషే లేదన్న వాదం

కరువు తర్వాత కొద్ది కాలానికే ఇంకొక ముప్పు వచ్చింది. ఒడిశాలో బడులకు, కచేరీలకు బెంగాల్ నుంచి వచ్చిన ఉద్యోగులు ఎక్కువ. ఒడియాలో పాఠ్యపుస్తకాలు అంతంత మాత్రం. కనుక బడుల్లో బెంగాలీయే నేర్పితే సరిపోతుందన్న వాదం బయల్దేరింది. ప్రసిద్ధ పండితుడు రాజేంద్రలాల్ మిత్రా కూడా అటువైపే మాట్లాడారు. బాలాసోర్‌లోనే పనిచేస్తున్న కాంతిచంద్ర భట్టాచార్య అనే ఉపాధ్యాయుడు 1870లో ఏకంగా ఒడియా స్వతంత్ర భాష కాదని నిరూపించబూనుతూ పుస్తకం ప్రచురించాడు. అతడి దృష్టిలో ఒడియా బెంగాలీకి ఒక మాండలికం మాత్రమే.

ఫకీర్ మోహన్ దీనికి రెండు విధాలుగా బదులిచ్చారు. మొదటిది అచ్చుయంత్రం. 1868లో కొందరిని కూడగట్టి, వాటాలు పోగుచేసి, బాలాసోర్‌లో ముద్రణాలయం స్థాపించారు. ఆ యంత్రం ఊళ్లోకి వచ్చినప్పుడు దాన్ని చూడటానికి జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. అక్కడి నుంచే పత్రిక నడిపారు, పాఠ్యపుస్తకాలు రాశారు. భారతదేశ చరిత్రను ఒడియాలో రాసి బడి పిల్లలకు అందించారు. పుస్తకాలు లేవన్నదే ఎదుటివారి వాదమైతే, ఆ వాదానికి జవాబు పుస్తకమే.

రెండవది స్నేహం. 1869లో బాలాసోర్ కలెక్టరుగా వచ్చిన జాన్ బీమ్స్ భాషాశాస్త్రం మీద మక్కువ గలవాడు. ఉత్తర భారత ఆర్యభాషల తులనాత్మక వ్యాకరణాన్ని మూడు సంపుటాలుగా రాస్తున్నాడు. ఒడియా, బెంగాలీ, సంస్కృతం తెలిసిన స్థానికుడి సాయం అతడికి కావలసి వచ్చింది. ఫకీర్ మోహన్ తరచూ అతడిని కలిసి పదాలు, రూపాలు, ప్రయోగాలు వివరించేవారు. ఒడియా బెంగాలీకి ఉపభాష కాదని, దాని ధ్వనులకు, క్రియారూపాలకు స్వంత చరిత్ర ఉందని బీమ్స్ విద్వత్పత్రికలో వాదించాడు. చివరికి బడుల్లో ఒడియా నిలిచింది.

ఈ సంభాషణలు ఫకీర్ మోహన్‌కు ఏమిచ్చాయన్నది విమర్శకులు అంతగా పట్టించుకోని విషయం. రోజూ నోట దొర్లే మాటను ఒక విదేశీయుడికి వివరించాలంటే ముందు దాన్ని తానే ఆగి వినాలి. ఏ కులం వారు ఏ ప్రత్యయం వాడతారు, ఆడవారి నోట ఏ మాట వేరుగా పలుకుతుంది, కచేరీ గుమస్తా పారసీ పదాన్ని ఎక్కడ ఇరికిస్తాడు అన్నది గమనించాలి. ఇరవై ఏళ్లకు పైగా గడిచాక ఆయన నవలలో ప్రతి పాత్రా తనదైన భాష మాట్లాడింది. ఆ వినికిడి శిక్షణ కలెక్టరు బంగళాలో కొంతైనా జరిగి ఉంటుంది.

దివాన్‌గిరీ

1871 నుంచి ఫకీర్ మోహన్ సంస్థానాల కొలువుల్లో పడ్డారు. నీలగిరి, డంపడా, ఢెంకనాల్, దశపల్లా, కియోంఝర్ వంటి చోట్ల దివాన్‌గానో, ఉన్నతోద్యోగిగానో పనిచేశారు. ఒక చోట రాజుకు కోపం వచ్చింది, ఇంకో చోట తోటి ఉద్యోగులకు అసూయ కలిగింది, మరో చోట జీతం అందలేదు. మళ్లీ ఇంకో సంస్థానం. శిస్తు లెక్కలు, సరిహద్దు తగాదాలు, దొంగ దస్తావేజులు, కొనుక్కున్న సాక్ష్యాలు, రాణివాసపు కుట్రలు నిత్యకృత్యం. నాజర్లు, మున్షీలు, వకీళ్లు, గుమస్తాలు, పూజారులు, మంగళ్లు, చౌకీదార్లు ఆయన ఎదుట నిలబడి తమ తమ పక్షాన మాట్లాడారు. అబద్ధమాడే మనిషి మాట తీరును రోజూ పరీక్షించే అవకాశం దివానుకు దొరికినంతగా మరొకరికి దొరకదు.

అయితే ఆ కొలువు నిరపాయమైనదీ కాదు, పూర్తిగా నిర్దోషమైనదీ కాదు. 1891లో కియోంఝర్‌లో వెట్టిచాకిరికి విసిగిన భూయాన్ గిరిజనులు ధరణీధర్ నాయక్ నాయకత్వంలో తిరుగుబాటు చేశారు. రాజు పక్షాన ఉన్న ఫకీర్ మోహన్ వారి చేత చిక్కారు. బందీగా ఉంటూనే ఆయన ఉత్తరం పంపడానికి అనుమతి సంపాదించారు. చూడటానికి అది ఇంటి వ్యవహారం. తమలపాకులు, వక్కలు కావాలి. చెరకు తోటకు ఉత్తరం వైపు నుంచి నీళ్లు పెట్టించాలి, ఆలస్యమైతే పంట పాడవుతుంది. అందుకున్నవాడు అసలు సంగతి గ్రహించాడు. బలగం కావాలని, ఏ దిక్కు నుంచి రావాలో కూడా అందులో ఉందని అర్థం చేసుకున్నాడు. సేనలు వచ్చాయి, తిరుగుబాటు అణగింది.

ఒడిశాలో ఈ కథను దివాను చాతుర్యానికి తార్కాణంగా చెప్పుకుంటారు. చాతుర్యమే, సందేహం లేదు. కానీ ఓడిపోయినవారు వెట్టికి ఎదురు తిరిగిన అడవి బిడ్డలు. గెలిచినవాడు ఆరేళ్ల తర్వాత భూమి పోగొట్టుకున్న సాలె దంపతుల కోసం కన్నీరు పెట్టించే నవల రాశాడు. ఈ రెండింటినీ ఒకే మనిషిలో కలిపి చూడకపోతే ఆ నవలలోని వ్యంగ్యం ఎంత లోతైనదో అందదు. దోపిడీ యంత్రం ఎలా తిరుగుతుందో ఆయనకు బయటి నుంచి తెలిసినది కాదు. దాని పిడి కొంతకాలం ఆయన చేతిలోనే ఉంది. పైకి ఒకటి చెబుతూ లోపల ఇంకొకటి తెలియజేసే వాక్యాన్ని ప్రాణం మీదికి వచ్చినప్పుడు రాయగలిగినవాడు, కథలో రాయడానికి వెనుదీయలేదు.

ఆ నడుమనే ఇంటి దుఃఖాలూ ఉన్నాయి. కొడుకు పోయిన శోకంలో ఉన్న భార్యకు ఊరటగా రామాయణాన్ని ఒడియా పద్యంలోకి తెచ్చారు. మహాభారతాన్నీ అనువదించారు. వ్యాసకవి అన్న బిరుదుకు మూలం ఆ కృషే. 1892లో సమకాలిక ప్రముఖులను సరదాగా వాతలు పెడుతూ 'ఉత్కళ భ్రమణం' అనే కావ్యం రాశారు. బతికున్న మనుషులను చూసి బొమ్మ గీయడంలో అది ఆయన తొలి పెద్ద సాధన అనుకోవచ్చు. 1894లో కృష్ణకుమారి మరణించింది. కొలువులు చాలించి ఆయన కటక్ చేరారు. ఒంటరితనం, తీరిక, పుట్టెడు జ్ఞాపకాలు మిగిలాయి.

చెరువు గట్టు మీద విలేకరి

విశ్వనాథ్ కర్ సంపాదకత్వంలో 'ఉత్కళ సాహిత్య' పత్రిక 1897లో ఆరంభమైంది. ఆ ఏడాదే ధూర్జటి అన్న కలం పేరుతో నవల మొదలైంది. తెలుగువారికి ఆ పేరు వినగానే శ్రీకాళహస్తి గుర్తుకు రావడం సహజం. ఫకీర్ మోహన్‌కు మాత్రం అది తన గుర్తింపును దాచుకునే ముసుగు. రెండేళ్లపాటు సాగిన కథ 1902లో పుస్తకమైంది.

కథ చిన్నది. గోవిందపురం అనే ఊళ్లో రామచంద్ర మంగరాజ్ అనాథగా మొదలై అప్పులిచ్చి, పొలాలు కాజేసి, చివరికి మేదినీపూర్‌లో ఉండే తాగుబోతు జమీందారు నుంచి జమీనే చేజిక్కించుకుంటాడు. భగియా, సారియా అనే సాలె దంపతులకు ఆరు మాణాల ఎనిమిది గుంటల మంచి భూమి, నేత అనే ఆవు ఉన్నాయి. సంతానం లేదు. ఆ లోటును పట్టుకుని మంగరాజ్ ఇంటి దాసి చంపా అమాయకురాలైన సారియాను గ్రామదేవతకు గుడి కట్టిస్తే బిడ్డలు కలుగుతారని నమ్మిస్తుంది. గుడి కోసం అప్పు, అప్పు కోసం తాకట్టు, తాకట్టు కింద భూమి, దాని వెంట ఆవు పోతాయి. సారియా చనిపోతుంది, భగియాకు మతి చలిస్తుంది. హత్యానేరం మంగరాజ్ మీద నిలవదు. ఆవును అక్రమంగా ఉంచుకున్న నేరానికి మాత్రం శిక్ష పడుతుంది. అతడి వ్యాజ్యం నడిపిన వకీలు అతడి ఆస్తిని మింగేస్తాడు. గోవిందపురం జనానికి మారినది జమీందారు పేరు మాత్రమే.

కథ కన్నా కథ చెప్పే గొంతు గొప్పది. ఊరి రచ్చబండ మీద కూర్చున్న ఒక తలపండిన లోకజ్ఞుడు, తాను మంగరాజ్ భక్తుడినన్నట్టు, అతడి పుణ్యకార్యాలను సమర్థిస్తూ పోతాడు. మంగరాజ్ ఏకాదశి ఉపవాసం తప్పడు. ఆ రాత్రి అతడి గదిలో పెట్టిన పాలు, అరటిపళ్లు తెల్లవారేసరికి మాయమైతే దానికి ప్రత్యక్ష సాక్షి ఎవరు? సాక్షి లేనిదే నేరం ఎలా రుజువవుతుంది? కచేరీలో వకీలు వాడే తర్కం, టోలులో నైయాయికుడు వాడే తర్కం ఇక్కడ దొంగ ఉపవాసాన్ని కాపాడటానికి పనికొస్తాయి. చంపా అందాన్ని వర్ణించవలసి వచ్చినప్పుడు అదే గొంతు సంస్కృత కావ్య నాయికల కొలతలన్నీ తెచ్చి ఆమెకు తొడగబోయి, ఒక్కొక్కటీ సరిపడక జారిపోతుంటే అమాయకంగా చూస్తుంది. కొత్త చదువుల బాబుల మీదికి మళ్లి, ఇంగ్లండు రాజుల వంశవృక్షాన్ని గడగడా వల్లించేవారు తమ ముత్తాత పేరు అడిగితే తడబడతారని గుర్తుచేస్తుంది.

ఆ నవలలో ఊరి చెరువుకు కేటాయించిన అధ్యాయం ఒకటుంది. ఏ రేవులో ఎవరు స్నానం చేస్తారు, ఏ ఒడ్డున ఏ పక్షి నిలబడుతుంది అన్న వివరాల తర్వాత కథకుడు ఆడవారి రేవు దగ్గర ఆగుతాడు. ఆ ఊరికి దినపత్రిక ఉండి ఉంటే సంపాదకుడికి వార్తల కొరతే ఉండేది కాదంటాడు. కాగితం, పెన్సిలు పట్టుకుని ఆ రేవులో కూర్చుంటే చాలు. నిన్న రాత్రి ఎవరింట ఏం వండారు, ఇవాళ ఏం వండబోతున్నారు, ఎవరు ఎప్పుడు పడుకున్నారు, ఎవరిని ఎన్ని దోమలు కుట్టాయి, ఎవరింట ఉప్పు నిండుకుంది వంటివన్నీ తెలుస్తాయి. అది హాస్యమే. కానీ రచయిత తన పనిముట్లను చూపించిన చోటు కూడా అదే. ఇంతకుముందు ఒడియా గద్యకారులెవరూ ఆ రేవులో కూర్చోలేదు. ఆయన మిత్రులైన రాధానాథ్ రాయ్, మధుసూదన్ రావు గొప్ప కవులు. వారి కలం ఎక్కువగా సంస్కృత పదాల మెట్ల మీదుగా నడిచింది. ఫకీర్ మోహన్ నీళ్లలోకి దిగారు.

మొదటి పేరాల్లోని పల్లె జనం కటక్ రావడానికి కారణం ఇక్కడే వెతకాలి. అంతవరకు వారు విన్న కథల్లో రాజులు, ఋషులు మాట్లాడే భాష తమది కాదు. అచ్చులో తమ భాష కనబడేది కచేరీ సమనులోనో, సాక్ష్యం నమోదులోనో. అదీ సగం పారసీతో. మొట్టమొదటిసారి తమ ఇంటి మాట, తమ పక్కింటి మనిషి తిట్టే తిట్టు, తమ ఊరి పూజారి నసిగే నసుగు యథాతథంగా అచ్చులో వినబడింది. అలాంటి మాట మాట్లాడేవాడు ఎక్కడో ఉండే ఉంటాడని అనుకోవడంలో వారి తెలివితక్కువతనం ఏమీ లేదు.

కాకతాళీయమే అయినా ఇంకో సంగతి చెప్పుకోవాలి. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలి ముద్రణ వెలువడింది కూడా 1897లోనే. ఒడిశాకు దక్షిణాన, విజయనగరంలో, పిల్లల పెళ్లిళ్ల పేరిట జరుగుతున్న అమ్మకాన్ని గురజాడ వీధి భాషలో రంగస్థలం మీదికి తెచ్చిన సమయానికే ఫకీర్ మోహన్ భూమి అమ్మకాన్ని పల్లె భాషలో పత్రికకెక్కించారు. గిరీశాన్ని ఎరిగిన తెలుగు పాఠకుడికి మంగరాజ్ కథకుడి నవ్వు కొత్తగా ఉండదు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి వెల్చేరు నారాయణరావు వంటి పండితులు చర్చించారు.

నాయనమ్మ గొంతు

1898లో అదే పత్రికలో 'రేవతి' కథ వచ్చింది. ఒక పల్లెలో తల్లిదండ్రుల చాటు పిల్ల చదువుకోవాలని ఆశపడుతుంది. యువ ఉపాధ్యాయుడు వాసుదేవ్ అక్షరాలు నేర్పుతాడు. నాయనమ్మకు ఇది కిట్టదు. కలరా వస్తుంది. తండ్రి, తల్లి, చివరికి ఉపాధ్యాయుడు ఒకరి వెనుక ఒకరు పోతారు. మిగిలిన ముసలామె ఈ అనర్థమంతటికీ ఆడపిల్ల చదువే కారణమని నమ్ముతుంది. ఆమె మనవరాలిని పేరు పెట్టి పిలుస్తూ, పొయ్యితో, నిప్పుతో పోలుస్తూ పెట్టే శాపనార్థాలు కథ పొడవునా వినబడతాయి. ఒడిశాలో ఈ కథ చదవనివారికి కూడా ఆ అరుపు తెలుసు.

ఆ ముసలామెను రాక్షసిగా చూపించడం సులువు. ఆడపిల్లల చదువును సమర్థిస్తూ రాసే రచయిత అలా చేసినా ఎవరూ తప్పుపట్టరు. ఫకీర్ మోహన్ అలా చేయలేదు. ఆమె తిట్టులో పగ కన్నా దిక్కులేనితనం ఎక్కువ. కొడుకును, కోడలిని పోగొట్టుకుని, చేతిలో మిగిలిన ఒక్క పిల్లనూ కాపాడుకోలేక, తనకు తెలిసిన ఒకే కారణాన్ని పట్టుకుని ఏడ్చే గొంతు అది. కుచిలా దేయి కూడా కొడుకును, కోడలిని పోగొట్టుకుని, మిగిలిన మనవడిని జబ్బు నుంచి కాపాడుకోవడానికి తెలిసిన దేవుళ్లందరి గడపలూ తొక్కిన మనిషే. రేవతి నాయనమ్మ ఆమే అనడానికి ఆధారం లేదు, అనవలసిన అవసరమూ లేదు. కానీ అలాంటి ఇంట్లో, అలాంటి గొంతు వింటూ పెరిగినవాడు తప్ప ఆ కథను అంత జాలితో రాయలేడు.

తర్వాత 'లఛమా', 'మామూ', 'ప్రాయశ్చిత్త' నవలలు వచ్చాయి. మొదటిది మరాఠా దండయాత్రల నాటి కథ. అందులో ఫకీర్ మోహన్ చెవికన్నా పుస్తక జ్ఞానం ఎక్కువ పనిచేసినట్టు తోస్తుంది. తాను వినని కాలాన్ని రాసినప్పుడు ఆయన పాత్రల మాట పలచబడుతుంది. సర్కారు ఉద్యోగి మోసాలు చిత్రించిన 'మామూ'లో, ఇంగ్లీషు చదివి తపాలా ఉద్యోగంలో చేరిన కొడుకు పల్లెటూరి తండ్రిని చూసి సిగ్గుపడే 'డాక్ మున్షీ' కథలో మళ్లీ పాత పదును కనబడుతుంది. తాగుబోతు భర్తకు భార్య చీపురుతో చేసే వైద్యాన్ని చెప్పే 'పేటెంట్ మెడిసిన్' ఇప్పటికీ నవ్విస్తుంది.

చివరి సంవత్సరాలు బాలాసోర్‌లో, తాను పెంచిన తోట మధ్య గడిచాయి. మిత్రుల ఒత్తిడి మీద ఆత్మకథ రాశారు. అందులో రాజులు, కలెక్టర్ల పక్కనే తెరచాపలు కుట్టేవారు, బడిలో బెత్తం పట్టిన అయ్యవారు, నాయనమ్మ కూడా ఉన్నారు. 1918 జూన్ 14న ఆయన కన్నుమూశారు. ఒడియా మాట్లాడే ప్రాంతాలతో ప్రత్యేక రాష్ట్రం ఏర్పడింది 1936లో. దాన్ని ఆయన చూడలేదు. ఆత్మకథ కుమారుడు మోహినీ మోహన్ చేతుల మీదుగా 1927లో పుస్తకంగా వచ్చింది.

'ఛ మాణ ఆఠ గుంఠ' ఇంగ్లీషు అనువాదం 2005లో అమెరికాలో వెలువడింది. నలుగురు కలిసి చేసిన పని అది. భూమి కొలతను ఎకరాల్లోకి మార్చి పేరు పెట్టుకోగలిగారు. అసలు కష్టం కథకుడి గొంతు దగ్గర వచ్చి ఉంటుంది. వకీలు భాష, పండితుడి భాష, గుమస్తా పారసీ, చెరువు గట్టు ఒడియా ఒకే వాక్యంలో ఒకదాన్నొకటి ఎగతాళి చేసుకుంటుంటే, వాటిని వేరే భాషలో ఎవరి నోట పెట్టాలన్నది ఏ అనువాదకుడికైనా తేలని ప్రశ్నే.